తడి తగలకముందే: గోదావరి డెల్టాలో ఇంటి ప్లాస్టిక్‌ను ఏం చేయాలి, ఎలా చేయాలి

"ఈ కవర్లన్నీ ఏం చేయమంటారండీ? కాల్చేస్తే పోదా?" అమలాపురం వాళ్ళు అడిగినా, భీమవరం వాళ్ళు అడిగినా, యానాం అవతల లంక ఊళ్ళ వాళ్ళు అడిగినా ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఒకచోట రాసేస్తున్నాను.

మన వైపు ప్లాస్టిక్ ఇల్లు దాటాక వెళ్ళేవి మూడే చోట్లు: తుక్కు కొట్టు, పంచాయతీ బండి, కాలువ. మూడోదాన్ని ఎవరూ కావాలని ఎంచుకోరు. మొదటి రెండూ సరిగ్గా జరగకపోతే అదే అవుతుంది. వీధి కాలవలో పడ్డ కవరు బోదెలోకి, బోదెలోంచి డ్రెయిన్‌లోకి, అక్కణ్నుంచి కోరంగి మడ అడవుల వేర్లలోకో, అంతర్వేది దగ్గర సముద్రంలోకో పోతుంది. ఒకసారి బురద పట్టిన కవరును ఏ వ్యాపారీ కొనడు, ఏ ఫ్యాక్టరీ తీసుకోదు. అందుకని కింద చెప్పేదాంట్లో సగానికి పైగా ఒక్క విషయం గురించే ఉంటుంది: పొడిగా, శుభ్రంగా, విడివిడిగా ఉంచడం.

కావలసినవి

- ఖాళీ బస్తాలు నాలుగు. బియ్యం బస్తాలైనా, రొయ్యల మేత బస్తాలైనా సరే. కొత్తవి కొనకండి.
- బట్టల క్లిప్పులు ఓ డజను, చూరు కింద కట్టడానికి ఒక దండెం.
- పాత కత్తెర ఒకటి. వంటకు వాడేది కాదు.
- వేలాడదీసి తూచే చిన్న కాటా. లేకపోయినా పని ఆగదు, ఉంటే లెక్క తెలుస్తుంది.
- రబ్బరు గ్లౌజులు. ఇంట్లో పనికి అక్కర్లేదు, వీధి కాలవ పనికి తప్పనిసరి.

1. ముందు ఒక వారం ఊరికే పోగేయండి

ఏదీ మార్చకుండా వారం రోజులు ఇంట్లోకి వచ్చిన ప్లాస్టిక్ అంతా ఒకే బస్తాలో వేయండి. ఆదివారం నాడు వసారాలో పాత దుప్పటి పరిచి గుమ్మరించండి. పాల ప్యాకెట్లు ఎన్ని, కూరల కవర్లు ఎన్ని, బిస్కెట్, చిప్స్ రేపర్లు ఎన్ని, నీళ్ళ సీసాలు ఎన్ని అని చూడండి. పిల్లలున్న ఇంట్లో రేపర్లు, అద్దెకుండే కుర్రాళ్ళ గదిలో పార్సిల్ డబ్బాలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో మందుల స్ట్రిప్పులు ఎక్కువ కనిపిస్తాయి. మీ ఇంటి పోగు ఏదో తెలిస్తే ఎక్కడ శ్రద్ధ పెట్టాలో తెలుస్తుంది. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా రంగు రంగుల డబ్బాలు కొంటారు. నెల తిరిగేసరికి వాటిలో ఉల్లిపాయలు పోసుకుంటారు.

2. నాలుగు బస్తాలు ఇలా పెట్టండి

మొదటి బస్తా సీసాలకు: నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు. రెండోది గట్టి ప్లాస్టిక్‌కు: నూనె డబ్బాలు, షాంపూ సీసాలు, విరిగిన బకెట్లు, మగ్గులు, మూతలు. మూడోది మెత్తటి కవర్లకు: పాల ప్యాకెట్లు, పెరుగు ప్యాకెట్లు, పప్పుల కవర్లు, ఆన్‌లైన్ పార్సిళ్ళకు చుట్టి వచ్చే కవర్లు. నాలుగోది ఎవరూ కొననివాటికి: లోపల వెండిలా మెరిసే చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, షాంపూ సాచెట్లు, టూత్‌పేస్ట్ ట్యూబులు.

ఏది ఏ బస్తాలోకో తేలకపోతే నాలుగోదాంట్లో వేయండి. మంచి బస్తాలో ఒక పనికిరాని వస్తువు పడితే మొత్తం బస్తాకు రేటు తగ్గుతుంది. పనికిరాని బస్తాలో ఒక మంచి వస్తువు పడితే పోయేది ఆ ఒక్కటే.

ఈ నాలుగింట్లోనూ వేయకూడనివి కొన్ని ఉన్నాయి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి, పైన గుర్తు పెట్టి పంచాయతీ బండికి విడిగా ఇవ్వాలి. బ్యాటరీలు, బల్బులు, సూదులు వేరే డబ్బాలో ఉంచాలి. ఈ బస్తాలను విప్పి చేత్తో ఏరే మనిషి ఎవరో ఒకరు ఉంటారని గుర్తుంచుకుంటే చాలు.

3. కడగడం, ఆరబెట్టడం (ఇక్కడే అందరూ తప్పుతారు)

కడగడమంటే సబ్బు పెట్టి తోమడం కాదు. ప్యాకెట్ ఖాళీ అయిన వెంటనే కాసిన్ని నీళ్ళు పోసి, గిలకరించి పారబోయడం. "వెంటనే" అన్న మాట ముఖ్యం. పాల ప్యాకెట్ మధ్యాహ్నం దాకా అలాగే ఉంటే లోపల పాలు విరిగి అంటుకుపోతాయి. అప్పుడు ఎన్ని నీళ్ళు పోసినా వాసన పోదు.

మంచినీళ్ళు వృథా అవుతాయని బాధపడక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్ళు చాలు. పాడి ఉన్న ఇంట్లో పాల ప్యాకెట్లు కడిగిన నీళ్ళు కుడితిలో కలిపేయొచ్చు, లేకపోతే కొబ్బరి చెట్టు పాదులో పోయొచ్చు. నూనె ప్యాకెట్ మాత్రం వేరు. దాన్ని ముందు కోసి, లోపల నూనెను కాస్త శనగపిండితోనో, పాత కాగితంతోనో తుడవాలి. తుడవకుండా మిగతా కవర్లతో కలిపితే ఆ జిడ్డు బస్తా అంతటికీ పట్టి దుమ్మును లాగుతుంది.

పాల ప్యాకెట్ కోసేటప్పుడు మూల ముక్క ఊడిపోకుండా గాటు పెట్టండి, ముక్క ప్యాకెట్‌కే వేలాడుతూ ఉండాలి. ఊడిన ఆ చిన్న మూలలు సింకులోంచి తూములోకి పోతాయి. వాటిని ఎవరూ ఏరరు, ఏరినా తూకానికి రావు.

తరువాత ప్యాకెట్‌ను రెండు పక్కలా కోసి, పుస్తకంలా తెరిచి, క్లిప్పు పెట్టి దండేనికి తగిలించండి. ఎండలో గంటన్నా పట్టదు.

మరి వానాకాలమో? ముసురు పట్టిందంటే మన దగ్గర బట్టలే ఆరవు, కవర్లేం ఆరతాయి అని అడుగుతారు. నిజమే. అప్పుడు ఈ మూడింట్లో ఏదో ఒకటి చేయండి.

- గుడ్డతో రెండు వైపులా తుడిచి, చూరు కింద గాలి తగిలేచోట రెండు రోజులు ఉంచండి.
- ఫ్రిజ్ వెనక వేడిగాలి వచ్చేచోట ఒక తాడు కట్టండి. తగలకుండా, దూరంగా. పొయ్యి పైన మాత్రం కట్టకండి, జారిపడితే అంటుకుంటుంది.
- ఆరకపోతే బస్తాలో వేయకుండా తెరిచిన బుట్టలో ఉంచండి. తడి కవరు మూసిన బస్తాలోకి పోతే వారంలో బూజు, దోమలు, ఆ వెనక ఎలుకలు.

సరిగ్గా ఆరిందో లేదో చూడ్డానికి గుప్పెడు కవర్లు తీసుకుని నలపండి. పొడి కవర్లు గలగలమంటాయి. తడివి ఒకదానికొకటి అంటుకుని చప్పుడు చేయకుండా ముద్దవుతాయి. ఆ తరువాత వాసన చూడండి. పుల్లటి వాసన వస్తే మళ్ళీ కడగాలి.

4. ఏది ఏ ప్లాస్టికో గుర్తుపట్టడం

సీసా అడుగున బాణాల త్రికోణం, దాంట్లో ఒక అంకె ఉంటుంది. 1 అంటే పెట్, నీళ్ళ సీసాలు. 2 అంటే హెచ్‌డీపీఈ, నూనె డబ్బాలు, షాంపూ సీసాలు. 3 పీవీసీ, పైపులు. 4 ఎల్‌డీపీఈ, పాల ప్యాకెట్లు. 5 పీపీ (పాలీప్రొపిలీన్), పెరుగు కప్పులు, పార్సిల్ డబ్బాలు, మేత బస్తాలు. 6 పాలిస్టైరీన్, థర్మోకోల్ కూడా ఇదే. 7 అంటే మిగిలినవన్నీ. తుక్కు కొట్టులో 1, 2, 4, 5 అంకెలవి నడుస్తాయి. త్రికోణం ఉన్నంత మాత్రాన అది రీసైకిల్ అయి తీరుతుందని కాదు. ఏ రకం ప్లాస్టికో చెప్పడానికే ఆ గుర్తు.

అంకె చెరిగిపోతే నీళ్ళ పరీక్ష చేయండి. చిన్న ముక్క కత్తిరించి బకెట్ నీళ్ళలో వేసి, వేలితో ముంచి వదలండి. 2, 4, 5 రకాలు తేలతాయి. 1, 3 మునుగుతాయి. నీళ్ళ సీసా ముక్క మునుగుతుంది, దాని మూత తేలుతుంది. ఫ్యాక్టరీలో సీసాలను ముక్కలు చేశాక మూతలను విడదీసేది కూడా ఇలా నీళ్ళ తొట్టెలోనే. కాబట్టి సీసాకు మూత ఉంచేసినా ఇబ్బంది లేదు. థర్మోకోల్ నిండా గాలి ఉంటుంది కనుక తేలుతుంది. దానికి ఈ పరీక్ష అక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది.

కాల్చి వాసన చూసి గుర్తుపట్టే పద్ధతి ఒకటి వీడియోల్లో తిరుగుతోంది. ఇంట్లో చేయకండి. పీవీసీ ముక్క కాలిస్తే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, గొంతు పట్టేస్తుంది.

బట్ట సంచీ అనుకుని షాపుల్లో ఇచ్చే మెత్తటి సంచుల్లో చాలా వాటికి బట్టతో సంబంధం లేదు. అంచు దగ్గర గోటితో లాగి చూడండి. దారం పోగు వస్తే బట్ట. పోగు రాకుండా దూదిలా చిరిగితే అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టికే.

5. తుక్కు కొట్టుకి ఇవ్వడం

బస్తా నిండే దాకా ఆగండి. గుప్పెడు కవర్లు పట్టుకెళ్తే ఎవరూ తూచరు. సీసాలైతే మూత వదులు చేసి, కాలితో తొక్కి చదును చేసి, మళ్ళీ మూత బిగించండి. బస్తాకు మూడింతలు పడతాయి.

కొట్టుకి వెళ్ళే ముందు అడగాల్సినవి మూడు: ఏవి తీసుకుంటారు, విడివిడిగా ఇస్తే రేటు ఎంత, కలిపి ఇస్తే ఎంత. విడిగా ఇచ్చిన రేటుకీ, కలిపిచ్చిన రేటుకీ ఉన్న తేడా విన్నాక ఇంట్లోవాళ్ళు మీరు చెప్పకుండానే విడదీయడం మొదలుపెడతారు. రేట్లు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి. ముడి చమురు ధర పడిపోతే కొత్త ప్లాస్టిక్ చవకై పాత ప్లాస్టిక్ రేటూ పడుతుంది. అందుకని కొట్టు ఆయనతో గొడవ పెట్టుకోకండి, ఆయన చేతిలో ఉన్నది తక్కువ.

"తడి ఉందండీ, బరువు తగ్గించుకోవాలి" అన్నారంటే మూడో అంచె మళ్ళీ చదవండి.

తెల్లటి, రంగులేని సీసాలు వేరే సంచీలో ఇవ్వండి. వాటి నుంచి పాలిస్టర్ పోగు తీస్తారు, మళ్ళీ సీసాలు కూడా చేస్తారు. ఆకుపచ్చ, నీలం సీసాలకు గిరాకీ తక్కువ. నల్ల ప్లాస్టిక్ పరిస్థితి అన్నిటికంటే కనాకష్టం. పెద్ద కేంద్రాల్లో వేరుచేసే యంత్రాల కంటికి నలుపు ఆనదు.

దగ్గర్లో కొట్టు లేకపోతే? లంక గ్రామాల వాళ్ళకు ఈ ఇబ్బంది ఎక్కువ. పడవ దాటించి ఒక్క బస్తా తేవడం గిట్టదు. పదిళ్ళవాళ్ళు కలిసి రెండు నెలలకోసారి వ్యాపారినే రేవు దగ్గరికి రమ్మనండి. డ్వాక్రా సంఘం ఉన్నచోట ఇది తేలిగ్గా సాగుతుంది, లెక్క రాసే పుస్తకం వాళ్ళ దగ్గర ముందే ఉంటుంది కదా.

6. ఎవరూ కొనని నాలుగో బస్తా

ఎక్కువ మంది అడిగేది దీని గురించే. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొరలు, సన్నటి అల్యూమినియం పూత కలిసిపోయి ఉంటాయి. విడదీసే ఖర్చు ముందు వచ్చే సరుకు విలువ ఎందుకూ చాలదు. దీనికి ఇప్పుడున్న దారులు రెండు. సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో బొగ్గుతో పాటు ఇంధనంగా వాడటం ఒకటి. అక్కడ వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది, అందుకే ఆరుబయట మంటలో పుట్టే విషాలు మిగలవు. రెండోది తారు రోడ్లు. మదురైలో త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ ఈ పద్ధతి కనిపెట్టారు, 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వేడి కంకర మీద ప్లాస్టిక్ తురుము చల్లి, అది కరిగి పూతలా పట్టాక తారు కలుపుతారు. పీవీసీ మాత్రం అందులో కలపకూడదు.

ఈ రెండూ మీరు ఇంట్లో చేసేవి కావు. మీ పని ఆ బస్తాను పొడిగా పంచాయతీ బండికో, ఊళ్ళో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం నడుస్తుంటే అక్కడికో చేర్చడం. బండి అతను అన్నీ ఒకేచోట కుమ్మేస్తున్నాడని చాలామంది ఫిర్యాదు. బస్తా మూతి కట్టి, పైన "రేపర్లు, పొడి" అని రాసి ఇవ్వండి. కట్టిన బస్తాను విప్పి కలిపే ఓపిక ఎవరికీ ఉండదు. అయినా కలుపుతుంటే వార్డు మెంబరును తీసుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్ళండి. బండి అతనితో వీధిలో పోట్లాడితే ఏమీ రాదు.

కాల్చడం సంగతి. దొడ్లో కొబ్బరి మట్టలతో పాటు కవర్లు వేసి అంటించడం మన ఊళ్ళలో అలవాటు. తక్కువ వేడిలో, గాలి చాలని మంటలో కాలే ప్లాస్టిక్ నుంచి మసి, కార్బన్ మోనాక్సైడ్, పీవీసీ ఉంటే డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి. బూడిద కూరపాదుల్లో పడుతుంది. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆరుబయట చెత్త కాల్చడాన్ని నిషేధిస్తూ మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయల పరిహారం పెట్టింది.

పూడ్చడం కూడా వద్దు. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీరు తగిలే చోట్లున్నాయి.

సీసాలో రేపర్లు కుక్కి "ఎకో బ్రిక్" చేయడం స్కూళ్ళలో బాగా చేయిస్తున్నారు. పిల్లలకు ఎంత చెత్త వస్తోందో తెలియడానికి మంచిదే. కానీ అమ్ముడుపోయే సీసాను అమ్ముడుపోని రేపర్లతో నింపితే రెండూ పనికిరాకుండా పోతాయి. బెంచీ కట్టే ఏర్పాటు ముందే ఉంటే చేయించండి, లేకపోతే ఆ సీసాలు స్కూలు వెనకే పడుంటాయి. ఇంట్లో డ్రమ్ము పెట్టి ప్లాస్టిక్ నుంచి డీజిల్ తీస్తామనే వీడియోలకు మాత్రం దూరంగా ఉండండి. మండే ఆవిరి, మూసిన డ్రమ్ము, కింద మంట.

7. చెరువులు, పొలాలు, నర్సరీలు ఉన్నవాళ్ళకు

మన దగ్గర ఇంటి ప్లాస్టిక్ ఒక వంతైతే ఆక్వా ప్లాస్టిక్ ఇంకో ప్రపంచం. మేత బస్తాలో రెండు పొరలుంటే బయటి అల్లిక సంచీ పీపీ, లోపలి పల్చటి కవరు పీఈ (పాలిథిన్). రెండూ విడదీసి, దులిపి, ఆరబెట్టి కట్టలు కట్టండి. మంచి బస్తాలను పీచు, ఊక పోసుకునేవాళ్ళు కొంటారు. కడగాల్సి వస్తే చెరువులోనో కాలవలోనో కడగకండి. అదే కాలవ నీళ్ళు కింది ఊరి మంచినీళ్ళ చెరువులోకి ఎక్కుతాయి.

పీతలు రాకుండా గట్టు చుట్టూ కట్టే కవరు, కొంగలు రాకుండా పైన లాగే దారాలు పంట తీశాక అక్కడే వదిలేస్తారు. ఒక్క ఈదురుగాలికి అవి డ్రెయిన్‌లో ఉంటాయి. పట్టుబడి అయిన వారంలోపే చుట్టి తీసేయండి. ఎండకు పెళుసెక్కాక ముట్టుకుంటే ముక్కలైపోతుంది, అప్పుడు ఎత్తడం ఎవరి తరమూ కాదు. పాత నైలాన్ వలలు కూడా ఏటిపాయలో వదలకండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన తీరానికే వస్తాయి, వదిలేసిన వలలో పడితే ఊపిరాడక చస్తాయి.

చేపలు, రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెలు విరగనంత కాలం కడిగి తిప్పి తిప్పి వాడండి. విరిగితే పూసలుగా రాలకముందే గోనెసంచిలో కట్టేయండి.

పురుగుమందు డబ్బాలు ఇంటి ప్లాస్టిక్‌తో ఎప్పుడూ కలపకండి. ఖాళీ కాగానే పావు వంతు నీళ్ళు పోసి, మూత పెట్టి, బాగా కుదిపి ఆ నీళ్ళు స్ప్రే ట్యాంకులోనే పోయండి. ఇలా మూడుసార్లు. తరువాత అడుగున మేకుతో రంధ్రాలు పొడవండి, ఎవరూ నీళ్ళకు, నూనెకు వాడకుండా. కొన్న డీలరు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి. తీసుకోనంటే పిల్లలకు, పశువులకు అందకుండా తాళం వేసిన చోట ఉంచి, వ్యవసాయ సహాయకుడికి చెప్పండి.

కడియం నర్సరీల నుంచి మొక్క తెచ్చుకుంటే నల్ల కవరును నిలువునా కోసి తీసేశాకే నాటండి. మన్ను దులిపి, జాడించి, ఆరబెట్టాక మూడో బస్తాలో వేయొచ్చు. కవరు నలిగిపోకుండా జాగ్రత్తగా తీయగలిగితే నర్సరీకే తిరిగి ఇవ్వండి.

8. ఫంక్షన్ పెట్టుకుంటే

పెళ్ళి, సంతర్పణ, కార్తీక వనభోజనాలు. ఒక్కపూటలో ఏడాది ఇంటి చెత్త అంత వస్తుంది. వంటవాళ్ళతో బేరం మాట్లాడేటప్పుడే చెప్పాలి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, స్వీటు పెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ కాగితం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదని 2022 చివర నుంచి నిబంధన. సంచీ మీద తయారీదారు పేరు, మందం ఉన్నాయేమో చూడండి, లేకపోతే వద్దనండి.

పేపరు గ్లాసు మంచిదనుకోకండి. లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి పానీయం పోసి పావుగంట ఉంచితే అందులోంచి వేల కొద్దీ సూక్ష్మ కణాలు రాలుతున్నాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు 2020లో చూపించారు. స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చి, కడగడానికి ఇద్దరిని అదనంగా పెట్టుకోండి. ఖర్చు కాస్త పెరుగుతుంది, తగ్గుతుందని అబద్ధం చెప్పను. అరిటాకుల దేశంలో ఉండి బఫే ప్లేట్లు వేయడమేమిటో నాకైతే అర్థం కాదు. ఆకు పశువు తింటుంది, ప్లేటును పశువు తింటే డాక్టరు కావాలి.

అర లీటరు నీళ్ళ సీసాల బదులు 20 లీటర్ల టిన్నులు పెట్టండి. సీసాలు తప్పవంటే భోజనాల బంతి దగ్గరే గోనెసంచి వేలాడదీసి ఒక కుర్రాణ్ణి నిలబెట్టండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రేవుల దగ్గర ఇళ్ళున్నవాళ్ళు, అన్నదానం పెట్టే సంఘాలవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

9. వీధి కాలవ, తూము, బోదె

ఇంట్లో ఎంత చేసినా మీ వీధి తూము పూడిపోతే వాన నీరు మీ గుమ్మంలోకే వస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, ఈ పనికి అదే అదను. నీళ్ళు పారేటప్పుడు దిగకండి. ముందుగా పంచాయతీకి, కాలవ లస్కరుకి (కాలవ చూసుకునే ఉద్యోగికి) చెప్పండి.

గ్లౌజులు, గట్టి బూట్లు, కొక్కెం కట్టిన వెదురు గెడ ఉండాలి. చేత్తో గుర్రపు డెక్క లాగకండి, కింద గాజు పెంకులు, సూదులు, పాములు ఉంటాయి. డెక్క వేరే కుప్ప వేసి, దాంట్లోంచి ప్లాస్టిక్ ఏరి, ఆరాక ఎరువు గుంటలో వేయండి.

అన్ని ఊళ్ళలోనూ జరిగే తప్పు ఇది: తీసిన చెత్తనంతా గట్టు మీదే కుప్ప పోసి, ఫోటో దిగి వెళ్ళిపోతారు. తొలకరి వాన దాన్ని మళ్ళీ లోపలికే తోస్తుంది. ట్రాక్టరు మాట్లాడకుండా పని మొదలుపెట్టకండి. ట్రాక్టరు వచ్చే రోజే శుభ్రం చేసే రోజు.

వీధి కాలవ బోదెలో కలిసేచోట అరచేయంత సందులున్న ఇనుప జాలీ పెట్టించొచ్చు. రోజూ తీసే మనిషి ఉంటేనే పెట్టండి, లేకపోతే అదే అడ్డుకట్టయి వీధి మునుగుతుంది. పెద్ద పంట కాలవకు అడ్డంగా వల కట్టే పని మీరు చేయకండి. డెక్క చేరి నీరు ఎగదన్నుతుంది, గట్టు తెగొచ్చు.

వరద హెచ్చరిక వచ్చిందంటే బస్తాలు అటక మీదికి ఎక్కించండి. నెలల తరబడి ఏరి పెట్టింది ఒక్క రాత్రిలో ఏటిపాలవడం లంకల్లో కొత్త కాదు.

10. పని అవుతోందో లేదో చూసుకోవడం

నెలకోసారి నాలుగు బస్తాలూ తూచి క్యాలెండరు మీద రాయండి. మొదటి మూడూ పెరిగితే ఏరడం కుదిరినట్టు. ఆ తరువాత నాలుగోది తగ్గుతుంటే కొనే అలవాటు మారుతున్నట్టు. మొదటి రెండు నెలల్లో మొత్తం బరువు పెరుగుతుంది, కంగారు పడకండి. ఇంతకు ముందు కాలవలోకి పోయింది ఇప్పుడు లెక్కలోకి వస్తోంది, అంతే.

తడి చెత్త బకెట్‌ను కూడా నెలకోసారి కాగితం మీద బోర్లించి చూడండి. ఎక్కువగా దొరికేవి రబ్బరు బ్యాండ్లు, టీ పొడి సాచెట్లు, కరివేపాకు కవర్లు. ఎరువు గుంటలో పడితే చివరికి పాదుల్లో తేలతాయి.

వ్యాపారి మీ బస్తాను విప్పకుండా నేరుగా కాటా మీద పెట్టాడంటే మీ మీద నమ్మకం కుదిరినట్టు. అంతకు మించిన పరీక్ష లేదు.

ముందు ముందు ఏం మారుతుంది

2022లో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం ప్యాకింగ్ ప్లాస్టిక్ వాడే కంపెనీలే దాన్ని వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తీసుకోవాలి. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26లో 30 శాతం, 2028-29 నాటికి 60 శాతం పాత ప్లాస్టిక్ కలపాలని లక్ష్యాలు పెట్టారు. అంటే మీ మొదటి రెండు బస్తాలకు గిరాకీ పెరగాలి. ఎంత శుభ్రమైన సరుకైతే అంత మంచి రేటు, ఆహారం పెట్టే సీసాలకు మురికి సరుకు పనికిరాదు మరి. మెత్తటి కవర్లకు ఆ లక్ష్యాలు చాలా తక్కువ, కాబట్టి మూడో బస్తా రేటు అంత త్వరగా పెరుగుతుందని ఆశపెట్టుకోకండి. ప్లాస్టిక్‌ను తిరిగి నూనెగా, ముడి రసాయనాలుగా మార్చే ఫ్యాక్టరీల గురించి పేపర్లలో బాగా వస్తోంది. వాటికీ ఏరిన, ఆరిన సరుకే కావాలి. ప్రపంచ దేశాలన్నీ కలిసి ప్లాస్టిక్ మీద ఒప్పందం చేసుకోవాలని 2025 ఆగస్టులో జెనీవాలో కూర్చుని, ఏమీ తేల్చకుండానే లేచాయి.

తరచూ అడిగేవి మరి మూడు

*"కంపోస్టబుల్" అని రాసిన కవరు ఎరువు గుంటలో వేయొచ్చా?* చాలా రకాలకు పెద్ద ఎరువు కేంద్రాల్లో ఉండేంత వేడి కావాలి, ఇంటి గుంటలో ఏళ్ళ తరబడి అలాగే ఉండొచ్చు. మూడో బస్తాలోనూ కలపకండి, మామూలు కవర్లను పాడుచేస్తుంది. పంచాయతీ తడి చెత్తలో తీసుకుంటారేమో అడగండి, లేకపోతే నాలుగోదే గతి.

*పాత ప్లాస్టిక్ కుర్చీ విరిగింది, కొట్టువాడు తీసుకుంటాడా?* తీసుకుంటాడు, రెండో బస్తా సరుకే. ఇనుప మేకులు, స్క్రూలు ఉంటే పీకేసి ఇవ్వండి. ఫ్యాక్టరీలో ముక్కలు చేసే బ్లేడు విరిగేది వాటివల్లే.

*మాది అద్దె వాటా, నాలుగు బస్తాలకు చోటు లేదు.* రెండు సంచులు చాలు. తలుపు వెనక మేకుకు ఒకటి కవర్లకు, ఇంకోటి సీసాలు, డబ్బాలకు. రేపర్లను ఒక పెద్ద కవర్లో మడిచి పెట్టుకోండి. పైవాటా, కిందివాటా కలిసి మెట్ల కింద ఒక్క బస్తా పెట్టుకుంటే నెలకోసారి కొట్టుకి పంపేంత సరుకు తేలిగ్గా పోగవుతుంది. ఇంటివాళ్ళకు ముందే చెప్పండి, చెత్తనుకుని పారేస్తారు.